కూలిన చోటు, చెడిన చోటు

జూలై 3, 2025, గురువారం

ఒక బ్యాంకు నుంచి టిక్కెట్టు వచ్చింది. రాత్రిపూట నడిచే రిపోర్టు ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోతోందట. సిగ్నల్ 11, సెగ్మెంటేషన్ ఫాల్ట్. "మీ ఓడీబీసీ డ్రైవర్ కొత్త వెర్షన్ వేసిన దగ్గర్నుంచే" అని మొదటి వాక్యంలోనే తీర్పు రాసేశారు. బాగా కిందకి వెళ్తే ఇంకో సంగతి తేలింది: పాత సర్వర్లు తీసేసి కొత్తవి పెట్టారు, పనిలో పనిగా ప్రోగ్రామ్‌ని 32 బిట్ల నుంచి 64 బిట్లకి మార్చారు. అసలు వార్త అదేనని నా అనుమానం. వాళ్ళు మాత్రం "అన్నట్టు" అన్న ధోరణిలో చెప్పారు.

డ్రైవర్ రాసేవాళ్ళకి ఈ గోల మామూలే. ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో కలిపే ఈ డ్రైవర్ తనంతట తాను నడిచే ప్రోగ్రామ్ కాదు. ఇంకొకరి ప్రాసెస్‌లోకి లైబ్రరీగా వెళ్ళి కూర్చుంటుంది. అడ్రస్ స్పేస్ ఒక్కటే. వాళ్ళ కోడ్ మన మెమరీని పాడుచెయ్యొచ్చు, మన కోడ్ వాళ్ళది పాడుచెయ్యొచ్చు, మధ్యలో డ్రైవర్ మేనేజర్ మూడో మనిషి. ఎవరు చెడగొట్టినా అందరూ కలిసే పోతారు. పోయాక మిగిలే స్టాక్ ట్రేస్ ఆఖర్న ఆ మెమరీని ముట్టుకున్నదెవరో చెబుతుంది. చెడగొట్టిందెవరో చెప్పదు.

ట్రేస్ చూశాను. పై ఫ్రేములన్నీ బ్యాంకు వాళ్ళవే. ప్రతి రో మీదా వచ్చిన హెచ్చరికలను లాగ్‌లో రాసే ఫంక్షన్ దగ్గర పడిపోయింది. మన డ్రైవర్ పేరు ఎక్కడా లేదు. "ఇదిగో, మనది కాదు, తిప్పి పంపెయ్యండి" అన్నాడు మేనేజర్. వద్దన్నాను. ట్రేస్‌లో పేరు లేనంత మాత్రాన మనకి సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు.

జూలై 4, శుక్రవారం

కోర్ డంప్ ఇవ్వరట. ఇవ్వకపోవడమే న్యాయం. ప్రాసెస్ చచ్చిన క్షణాన మెమరీలో ఉన్నదంతా ఆ ఫైల్లోకి వస్తుంది: ఖాతా నంబర్లు, ఫోన్లు, డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, బ్యాంకులు జాగ్రత్తపడుతున్నాయి. కాబట్టి వాళ్ళ స్క్రీన్ నాకు చూపిస్తారు, జీడీబీ అనే డీబగ్గర్‌ని వాళ్ళు నడుపుతారు, ఏం టైప్ చెయ్యాలో నేను చెబుతాను.

అవతల కూర్చున్నాయన తెనాలి మనిషి. కాసేపు ఇద్దరం ఇంగ్లిష్‌లో మర్యాదలు ఒలకబోసుకున్నాక తెలుగులోకి దిగాం. పని చకచకా సాగింది.

"సార్, హెచ్చరికలు ఎన్నున్నాయో ఒక కౌంట్ ఉంటుంది చూడండి. అది ప్రింట్ చెయ్యండి."

"4294967295. ఇదేంటండీ, ఫోన్ నంబర్‌లా ఉంది?"

పది అంకెలు మరి. ఆ ఒక్క రో మీద 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 హెచ్చరికలున్నాయని ప్రోగ్రామ్ నమ్మింది. జాబితా అయిపోయినా ఆగకుండా చదువుకుంటూ పోయింది. మెమరీలో తనది కాని పేజీ తగిలేసరికి కెర్నల్ చంపేసింది. అంటే కూలిన చోట తప్పేమీ లేదు. ఇచ్చిన లెక్క ప్రకారం బుద్ధిగా లూప్ తిరిగింది. లెక్కే చెడింది.

32 బిట్లూ ఒకట్లే అయితే వచ్చే సంఖ్య అది. గుర్తు ఉన్న పూర్ణాంకంగా చూస్తే మైనస్ ఒకటి. మైనస్ ఒకటి అనగానే ఓడీబీసీలో పనిచేసే ఎవడికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి. కాలమ్‌లో విలువ లేదు, నల్ అని చెప్పడానికి డ్రైవర్ రాసే అంకె అదే.

జూలై 7, సోమవారం

తెనాలి ఆయన ఒక మంచి పని చేసి పెట్టారు. కూలిన రోజుల్లో చివరిగా ఏ ఖాతాదారు రో దగ్గర ఆగిందో లాగ్‌లలోంచి ఏరి పెట్టారు. వాళ్ళెవరికీ రెండో ఫోన్ నంబర్ లేదు. ఆ కాలమ్ నల్. అనుమానం సగం గట్టిపడింది.

మిగతా సగం కోసం టెస్ట్ సర్వర్‌లో వాచ్‌పాయింట్ పెట్టించాను. ఎక్స్86 ప్రాసెసర్‌లో ఇందుకోసమే నాలుగు డీబగ్ అడ్రస్ రిజిస్టర్లు ఉంటాయి. ఒక చిరునామా ఇచ్చి "దీన్ని ఎవరు రాసినా ఆపు" అంటే ప్రాసెసరే కాపలా కాస్తుంది. వేగం దాదాపు తగ్గదు. హెచ్చరికల కౌంట్ చిరునామా ఇచ్చి నడిపించాం. రెండో ఫోన్ లేని రో రాగానే ఠక్కున ఆగింది. పాత విలువ 0, కొత్త విలువ 4294967295. ఏ గీత దగ్గర? మన డ్రైవర్‌లో, ఎస్‌క్యూఎల్‌ఫెచ్ లోపల, నల్ గుర్తు రాసే గీత దగ్గర.

కాల్‌లో అయిదారుగురున్నారు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బ్యాంకు వైపు పెద్దాయన "సో, ఇట్ ఈజ్ యువర్ డ్రైవర్" అన్నారు. మా మేనేజర్ నాకు విడిగా మెసేజ్ పెట్టాడు: గురువారమే తిప్పి పంపేసి ఉండాల్సింది.

నేను అడిగింది ఒక్కటే. "సార్, ఆ ఫోన్ కాలమ్‌ని బైండ్ చేసిన గీత చూపిస్తారా?"

చూపించారు. చివరి ఆర్గ్యుమెంట్‌గా ఒక మామూలు ఇంట్ వేరియబుల్ చిరునామా ఇచ్చారు, ముందు బ్రాకెట్లలో ఎస్‌క్యూఎల్‌లెన్ పాయింటర్ అని క్యాస్ట్ తగిలించి. ఇంట్ అంటే నాలుగు బైట్లు. 64 బిట్ల ఓడీబీసీలో పొడవుకి వాడే రకం ఎస్‌క్యూఎల్‌లెన్ ఎనిమిది. స్ట్రక్చర్‌లో ఆ ఇంట్ పక్కనే ఉన్నది హెచ్చరికల కౌంట్.

జూలై 9, బుధవారం

నిన్నంతా దీన్ని కాగితం మీద పెట్టడానికే సరిపోయింది. సాంకేతిక నివేదిక వేరే రాశాను, ఇక్కడ నా కోసం.

32 బిట్ల రోజుల్లో రెండూ నాలుగు బైట్లే. ఇంట్ ఇచ్చినా పని జరిగిపోయేది. 64 బిట్లకి మార్చినప్పుడు సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఊరుకోలేదు, రకాలు కలవడం లేదని ఎర్రర్ ఇచ్చింది. ఎవరో క్యాస్ట్ పెట్టి దాని నోరు మూయించారు. ఆ ఎర్రర్ సరిగ్గా ఈ ప్రమాదం గురించే చెబుతోంది. నాలుగు సెంట్లు ఇచ్చి దస్తావేజులో ఎనిమిది సెంట్లని రాయిస్తే, దున్నేవాడు కాగితం చూసుకునే దున్నుతాడు. పక్క చేను గట్టు తెగిందని వాడిని అని లాభం లేదు.

ఇందులో నాకు నచ్చిన భాగం వేరే ఉంది. ప్రతి రోకీ డ్రైవర్ ఎనిమిది బైట్లూ రాస్తూనే ఉంది. అంటే హెచ్చరికల కౌంట్ మీద ప్రతిసారీ ఏదో పడుతూనే ఉంది. మరి అన్ని రోల దగ్గరా ఎందుకు కూలలేదు? ఫోన్ నంబర్ ఉంటే డ్రైవర్ రాసే పొడవు 10. ఎనిమిది బైట్లలో 10 రాస్తే చిన్న భాగం ముందు వస్తుంది కాబట్టి మొదటి నాలుగు బైట్లలో 10, తర్వాతి నాలుగింట్లో సున్నా. కౌంట్ అప్పటికే సున్నా. సున్నా మీద సున్నా పడితే ఎవరికి తెలుస్తుంది? నల్ అయితే మైనస్ ఒకటి, ఎనిమిది బైట్లూ ఒకట్లతో నిండిపోతాయి. అప్పుడే బయటపడుతుంది. రోజూ లక్షల సార్లు జరిగే తప్పు రెండో ఫోన్ లేని ఖాతాదారు వస్తే తప్ప కనిపించదు. ఒకవేళ ఆ రో మీద నిజంగానే రెండు హెచ్చరికలుంటే, ఫోన్ నంబరున్న ఖాతాదారుల విషయంలో అవి చడీచప్పుడు లేకుండా సున్నా అయిపోయి ఉంటాయి. లాగ్‌లోకి రాని ఆ హెచ్చరికల సంగతి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. క్రాష్ కంటే అదే నాకు ఎక్కువ భయం వేసింది.

వాళ్ళకి ఒక కమాండ్ చెప్పాను. డ్రైవర్ మేనేజర్ అయిన యూనిక్స్‌ఓడీబీసీతో వచ్చే ఓడీబీసీఇన్‌స్ట్‌కి జె అనే ఆప్షన్ ఇస్తే ఎస్‌క్యూఎల్‌లెన్ ఎన్ని బైట్లో అదే చెబుతుంది. 8 అని చూపించింది. పెద్దాయన ఇంకేమీ అనలేదు. ప్రోగ్రామ్ మొత్తంలో అలాంటి క్యాస్టులన్నీ వెతికించి మారుస్తామన్నారు.

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ వైపు వెళ్ళే ప్రశ్నే లేదు, రోడ్లన్నీ మళ్ళించారు. ఇంట్లోనే, ఈ క్రాషుల గురించే ఆలోచిస్తూ.

ఓడీబీసీని మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చింది. దాని ఒప్పందం ప్రకారం, కాలమ్‌ని బైండ్ చేసేటప్పుడు చిరునామా మాత్రమే ఇస్తాం. డ్రైవర్ దాన్ని దాచుకుంటుంది, తర్వాత ఎప్పుడో ఫెచ్ పిలిచినప్పుడు అక్కడికి రాస్తుంది. పారామీటర్లదీ అంతే, ఎగ్జిక్యూట్ అన్నప్పుడే చదువుతుంది. చిరునామా ఇచ్చిన క్షణానికీ వాడిన క్షణానికీ మధ్య ఆ ఫంక్షన్ ముగిసిపోవచ్చు, వేరియబుల్ ఉన్న స్టాక్ భాగం ఇంకొకరి చేతికి పోవచ్చు. ఓడీబీసీ పత్రంలో స్పష్టంగానే రాసి ఉంది, వాడేదాకా ఆ మెమరీ బతికుండాలని. కంపైలర్‌కి ఆ పత్రం చదవడం రాదు. డ్రైవర్ క్రాషుల్లో నేను చూసిన వాటిలో చాలావరకు ఈ ఒక్క ఒప్పందం దగ్గరే తెగాయి: ఈ మెమరీ ఎవరిది, ఎప్పటిదాకా.

జూలై 15, మంగళవారం

అనుకున్నంతా అయింది. రాత్రి రిపోర్టు బాగయింది, పగలు ఇంకోటి కూలింది. కౌంటర్ దగ్గర ఖాతాదారులను ఊరి పేరుతో వెతికే స్క్రీన్. ఈసారి ట్రేస్ పైన ఉన్నది మన డ్రైవరే, కాలమ్ పేరు చదివే చోట.

సిగ్నల్ వివరాల్లో చిరునామా సున్నా అని ఉంది. మా టీమ్‌లో కాకినాడ కుర్రాడొకడున్నాడు, చురుకైనవాడు. చూడగానే "అన్నా, నల్ పాయింటర్. చెక్ పెట్టేద్దామా?" అన్నాడు. సోర్స్ తెరిచి చూపించాను. కూలిన గీతకి సరిగ్గా పై గీతలోనే నల్ చెక్ ఉంది. నిరుడు ఎవరో ఇలాంటి టిక్కెట్టుకే పెట్టి మూసేశారు. పాయింటర్ నల్ కాదని తేల్చుకుని మరీ లోపలికి వెళ్ళి చచ్చింది.

వాడు తెల్లమొహం వేశాడు. మరి చిరునామా సున్నా అని ఎందుకొచ్చింది?

ఇది చాలామందికి తెలియని సంగతి, వాడి పక్కన కూర్చుని చూపించాను. 64 బిట్ల ఎక్స్86లో మామూలుగా వాడేది 48 బిట్ల చిరునామాలు. పై 16 బిట్లు 47వ బిట్‌కి నకలుగా ఉండాలి. అలా లేని చిరునామా ఇస్తే ప్రాసెసర్ పేజీ వెతికేదాకా కూడా పోదు, జనరల్ ప్రొటెక్షన్ అని అక్కడే తిప్పికొడుతుంది. ఆ దారిలో వచ్చిన లోపానికి చిరునామా ఏదో ప్రాసెసర్ చెప్పదు, అందుకని కెర్నల్ ఆ గడిలో సున్నా పెడుతుంది. మనం దాన్ని చూసి నల్ పాయింటర్ అనుకుంటాం. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో చూస్తే తేడా తెలుస్తుంది: నిజమైన నల్ అయితే "సెగ్‌ఫాల్ట్ ఎట్ 0" అని ఉంటుంది, ఇదైతే "జనరల్ ప్రొటెక్షన్" అని ఉంటుంది. తెనాలి ఆయన్ని అడిగితే చూసి చెప్పారు. జనరల్ ప్రొటెక్షనే.

అయితే పాయింటర్‌లో ఉన్నదేమిటి? రిజిస్టర్ ప్రింట్ చేయించాం. హెక్సాలో 4441424152454459.

ఒక్క అక్షరం కూడా లేకుండా అన్నీ అంకెలే రావడం చూసి కుర్రాడు అదేదో ఖాతా నంబరనుకున్నాడు. రెండేసి అంకెలుగా విడదీసి ఆస్కీ పట్టిక పక్కన పెట్టమన్నాను. 44 డి, 41 ఏ, 42 బి, 41 ఏ, 52 ఆర్, 45 ఈ, 44 డి, 59 వై. మెమరీలో చిన్న భాగం ముందుంటుంది కాబట్టి వెనక నుంచి చదవాలి. వై, డి, ఈ, ఆర్, ఏ, బి, ఏ, డి. దానికి ముందు బైటులో 48, హెచ్.

హైదరాబాద్! కాలమ్ పేరు ఎక్కడుందో చెప్పాల్సిన పాయింటర్ మీద ఒక ఖాతాదారు ఊరి పేరు కూర్చుని ఉంది.

కుర్రాడు గట్టిగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఊరి పేర్లు వచ్చేది సర్వర్ నుంచి. సర్వర్ పంపిన ప్యాకెట్‌ని మెమరీలో దింపేది మన డ్రైవర్. ఈసారి చూపించడానికి ఎవరి క్యాస్టూ లేదు.

జూలై 16, బుధవారం

ల్యాబ్‌లో పట్టుకోవాలి. అడ్రస్ శానిటైజర్‌తో డ్రైవర్‌ని కట్టాను. గూగుల్ వాళ్ళు 2012లో దీని మీద పత్రం వేశారు. ప్రతి ఎనిమిది బైట్లకీ ఒక నీడ బైటు పెట్టుకుని, ముట్టుకోవచ్చా లేదా అని ప్రతి చదువుకీ ప్రతి రాతకీ చూస్తుంది. విడుదల చేసిన మెమరీని వెంటనే మళ్ళీ వాడనివ్వకుండా కొంతకాలం పక్కన పెడుతుంది. ప్రోగ్రామ్ వేగం సగటున 73 శాతం మందగిస్తుందని ఆ పత్రంలోనే రాశారు. ఇలాంటి తప్పులే వెతికే వాల్‌గ్రైండ్‌తో పోలిస్తే అది లెక్కలోది కాదు.

మామూలు ప్రోగ్రామ్‌కైతే ఒక ఫ్లాగ్ ఇస్తే అయిపోయేది. లైబ్రరీకి అలా కుదరదు. డ్రైవర్ మాత్రమే శానిటైజర్‌తో కట్టి ఉండి, దాన్ని ఎక్కించుకునే ప్రోగ్రామ్ మామూలుదైతే, తన రన్‌టైమ్ అన్నిటికంటే ముందు రాలేదని మొరాయించి ఆగిపోతుంది. దాన్ని ఎల్‌డీ ప్రీలోడ్‌తో ముందుకు తోయాలి. అది దాటితే ఇంకోటి: కనెక్షన్ మూశాక డ్రైవర్ మేనేజర్ లైబ్రరీని మెమరీలోంచి దించేస్తే, రిపోర్టులో ఫంక్షన్ పేర్ల బదులు తెలియని మాడ్యూల్ అని వస్తుంది. యూనిక్స్‌ఓడీబీసీ సెట్టింగుల్లో దించవద్దని చెప్పే గీత ఒకటుంది, అది పెట్టాను. వీటి గురించి ఒక్కచోట రాసిపెట్టినవాళ్ళు మా ఆఫీసులో లేరు. వచ్చే వారం నేనే రాస్తాను.

ఇంత చేసినా శుభ్రంగా నడిచింది. ఒక్క తప్పూ చూపలేదు. సాయంత్రం టీ తాగుతుండగా టెస్టర్ అమ్మాయి అడిగింది: "వాళ్ళ డేటాబేస్ ఎక్కడుందండీ?" వేరే ఊళ్ళో, వేరే డేటా సెంటర్‌లో. మనది? ఇదే మెషిన్‌లో. అసలు ప్రశ్న అదే, అడిగింది ఆమె. సర్వర్ పక్కనే ఉంటే ప్యాకెట్ క్షణంలో వచ్చేస్తుంది, ఆలస్యం వల్ల వచ్చే తప్పు ఎప్పటికీ జరగదు. టీసీ కమాండ్‌తో నెట్‌ఎమ్ పెట్టి ప్రతి ప్యాకెట్‌కీ 40 మిల్లీసెకన్ల ఆలస్యం కలిపింది. మొదటి వెతుకులాటకే ఎర్ర అక్షరాలు.

హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ, అంటే విడుదల చేసిన మెమరీని వాడడం. మూడు స్టాకులు: ఎవరు రాశారు, ఎవరు విడుదల చేశారు, ఎవరు తీసుకున్నారు. రాసింది ప్రీఫెచ్ థ్రెడ్. విడుదల చేసింది మెయిన్ థ్రెడ్, కర్సర్ మూసేటప్పుడు.

ఆ గీత దగ్గరకి వెళ్ళాను. ఫ్రీ పైన కామెంట్ ఉంది, ఈ బఫర్‌ని ఇక ఎవరూ వాడరని. రాసినరోజు అది నిజమే, అప్పట్లో డ్రైవర్‌లో ఒకటే థ్రెడ్. తర్వాత వేగం కోసం ప్రీఫెచ్ పెట్టారు: వాడుకరి ఈ రోలు చూస్తుండగానే తర్వాతి రోలను వెనక ఇంకో థ్రెడ్ తెచ్చిపెడుతుంది. తెచ్చి పెట్టేది ఆ బఫర్‌లోకే. కామెంట్ అలాగే ఉండిపోయింది.

బ్యాంకు స్క్రీన్ మొదటి పేజీ చూపించి వెంటనే కర్సర్ మూసేస్తుంది. ప్రీఫెచ్ థ్రెడ్ అప్పటికే రెండో బ్యాచ్ కోసం సాకెట్ దగ్గర ఎదురుచూస్తోంది. 64 కిలోబైట్ల బఫర్ విడుదలవుతుంది. సీ లైబ్రరీ జీలిబ్‌సీ దాన్ని వెంటనే కెర్నల్‌కి తిరిగి ఇవ్వదు, ముక్కలు చేసి తర్వాత అడిగినవాళ్ళకి ఇస్తుంది. క్లర్కు రెండోసారి వెతకగానే కొత్త క్వెరీ కాలమ్ వివరాలు సరిగ్గా అక్కడే చేరతాయి. అప్పుడు ఆలస్యంగా వచ్చిన పాత ప్యాకెట్ వాటి మీద దిగుతుంది, ఖాతాదారుల పేర్లతో, ఊర్లతో.

జూలై 18, శుక్రవారం

ల్యాబ్‌లో దొరికింది కాబట్టి బ్యాంకులో కూడా అదే అని ఎలా చెబుతావు? ఇది నా సందేహం కాదు, బ్యాంకు పెద్దాయనది. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళ సర్వర్ మీద శానిటైజర్ బిల్డ్ పెట్టనివ్వరు, భద్రతా విభాగం ఒప్పుకోదు.

పాత కిటుకు ఒకటుంది. జీలిబ్‌సీ మామూలుగా 128 కిలోబైట్లు దాటిన ముక్కని హీప్‌లోంచి కాకుండా ఎమ్‌మ్యాప్‌తో విడిగా తెస్తుంది. అలా తెచ్చినది విడుదల చేస్తే ఆ పేజీలు ప్రాసెస్‌లోంచి పూర్తిగా పోతాయి. ఆ హద్దుని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో మార్చొచ్చు. 32 కిలోబైట్లకి దించమన్నాను. కొత్త బైనరీ అక్కర్లేదు, ప్రోగ్రామ్ మొదలుపెట్టే స్క్రిప్ట్‌లో ఒక్క గీత. ఇప్పుడు మన 64 కిలోబైట్ల బఫర్ విడుదలయ్యాక దాని చోటు ఖాళీ. రాయబోతే అక్కడికక్కడే దొరకాలి.

నడిపారు. క్రాష్ కాలేదు!

కాల్‌లో నిశ్శబ్దం. తర్వాత కుర్రాడు డ్రైవర్ లాగ్ తెరిపించాడు. కనెక్షన్ తెగిపోయిందని ఎర్రర్, పక్కన ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన నంబర్ 14. లైనక్స్‌లో 14 అంటే బ్యాడ్ అడ్రస్. ఆ బఫర్‌లోకి రాసేది మన కోడ్ కాదు, రిసీవ్ కాల్ లోపల కెర్నలే. లేని పేజీలో మన కోడ్ రాస్తే సిగ్నల్ వచ్చి చస్తుంది. కెర్నల్ రాయబోయి పేజీ లేదని చూస్తే సిగ్నల్ ఇవ్వదు, తప్పు చిరునామా ఇచ్చావని 14 తిప్పి పంపుతుంది. నెట్‌వర్క్ బాగానే ఉంది, సర్వర్ బాగానే ఉంది, బఫరే లేదు. లాగ్ ఆ నంబర్ రాయకుండా కనెక్షన్ తెగిందని మాత్రమే రాసి ఉంటే నెట్‌వర్క్ వాళ్ళ మీద పడేవాళ్ళం. ఎర్రర్ నంబర్‌ని లాగ్‌లో రాయాలని ఎప్పుడో పట్టుబట్టినవాళ్ళెవరో గానీ, వాళ్ళకి దండం.

పెద్దాయన ఒప్పుకున్నారు. ఆ మాటతో పాటు ఇంకో మాట అన్నారు: "మొదటిది మాది, రెండోది మీది. లెక్క సరిపోయింది."

జూలై 22, మంగళవారం

నిన్న బోనాల సెలవు. ఇవాళ బాగుచేసే పద్ధతి మీద పొద్దున్నుంచీ వాదన.

సులువైన దారి: కర్సర్ మూసేటప్పుడు ప్రీఫెచ్ థ్రెడ్ పని ముగించేదాకా ఆగి, ఆ తర్వాతే బఫర్ విడుదల. చదవడానికి బాగుంటుంది, తప్పు చెయ్యడం కష్టం. కానీ సర్వర్ జవాబివ్వకపోతే కర్సర్ మూసే పిలుపు నెట్‌వర్క్ టైమవుట్ దాకా వేలాడుతుంది. కౌంటర్ దగ్గర మనిషి నిలబడి ఉండగా స్క్రీన్ గడ్డకడితే, క్రాషే నయమంటారు. సాకెట్ మూసేసి థ్రెడ్‌ని లేపుదామా అంటే కనెక్షనే పోతుంది, దాని మీద నడుస్తున్న ట్రాన్సాక్షన్ కూడా.

రెండో దారి: బఫర్‌కి ఇద్దరు యజమానులు, షేర్డ్ పాయింటర్. కర్సర్ తన వాటా వదులుకుంటుంది, థ్రెడ్ తన ప్యాకెట్ రాసుకుని తన వాటా వదిలాక మెమరీ పోతుంది. ఆలస్యంగా వచ్చిన హైదరాబాద్ ఎవరికీ చెందని బఫర్‌లో దిగి దాంతోపాటే పోతుంది. చిక్కు ఏమిటంటే, అదే కనెక్షన్ మీద తర్వాతి క్వెరీ పంపే ముందు పాత ప్యాకెట్లన్నీ చదివి పారేయాలి, లేకపోతే పాత జవాబుని కొత్త ప్రశ్నకి తగిలిస్తాం. అది క్రాష్ కంటే ఘోరం, ఒకరి ఖాతా ఇంకొకరికి కనిపిస్తుంది. ఆ ఆగడమేదో తర్వాతి ఎగ్జిక్యూట్ దగ్గర ఆగుతాం. దానికి వాడుకరి పెట్టిన టైమవుట్ వర్తిస్తుంది, వద్దనుకుంటే రద్దు చేసుకునే వీలుంది.

రెండోదే ఖాయం చేశాం. కుర్రాడు రాస్తాడు. కామెంట్ కొట్టేసి, ఆ చోట ఆ బఫర్ యజమానులెవరో రాయమన్నాను. ప్రీఫెచ్ థ్రెడ్‌లో కావాలని 50 మిల్లీసెకన్లు నిద్రపోయే టెస్ట్ ఒకటి కలిపింది టెస్టర్ అమ్మాయి. పాత కోడ్ మీద అది ప్రతిసారీ పడుతుంది, కొత్తదాని మీద పడదు. ఎప్పుడో ఒకసారి వచ్చేదాన్ని ఎప్పుడూ వచ్చేలా చేసుకున్నాకే బాగుచేశామన్న మాటకి విలువ.

నిరుటి నల్ చెక్ తీసేయించాను. మేనేజర్ "ఉంటే నష్టమేంటి?" అన్నాడు. ఉంది. ఆ పాయింటర్ నల్ కావడానికి దారే లేదు. ఒకవేళ ఎప్పుడైనా అయితే, అది మెమరీ చెడిందనడానికి గుర్తు. అక్కడ చెక్ పెట్టి దాటిపోతే చెడిన మెమరీతోనే క్వెరీ కొనసాగుతుంది, బ్యాంకు డేటా మీద. డేటా చెడడం కంటే ప్రోగ్రామ్ చావడమే మేలు. ఈ విషయంలో నేను రాజీపడను.

జూలై 29, మంగళవారం

విడుదల అయింది. బ్యాంకు టెస్ట్ సర్వర్‌లో వేసుకున్నారు, రెండు ప్రోగ్రాములూ నడుస్తున్నాయి. అసలు సర్వర్లకి వెళ్ళడానికి వాళ్ళ ఆమోదాలు రావాలి.

తీరిక దొరికి పాత టిక్కెట్లు తిరగేశాను. నల్ పాయింటర్ అని రాసి, చెక్ పెట్టి మూసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో డీమెసేజ్ జతచేసినవి తీసి చూస్తే, అన్నీ నల్ కావు. జనరల్ ప్రొటెక్షన్ ఉన్నవాటిని మళ్ళీ తెరిచి కుర్రాడి పేరు మీద వేశాను. వాడికి కోపం వచ్చింది, రావాలి కూడా.

వచ్చే నెల నేను వేరే టీమ్‌కి మారుతున్నాను, ఈ నోట్‌బుక్ వాడికే ఇచ్చి వెళ్తాను. ఒరే, చిరునామా సున్నా అని కనిపించగానే చెక్ రాయకు. ముందు డీమెసేజ్ అడుగు, రిజిస్టర్‌లో ఉన్న అంకెలని ఆస్కీలో చదువు, ఆ మెమరీ ఎవరిదో, ఎప్పటిదాకా వాళ్ళదో కనుక్కో. కోర్ డంప్ ఇమ్మని మాత్రం బ్యాంకులని ఒత్తిడి చెయ్యకు, పక్కన కూర్చోబెట్టుకుని చూపించమని అడుగు.